తండ్రి అమెరికా పౌరుడు, కొడుకు కాదు: ఒంగోలు కస్టడీ ఆర్డరుతో తేలిన ఒక పౌరసత్వం కేసు

నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో కుటుంబ వివాదాలు చూసే న్యాయవాదిని. విదేశీ పౌరసత్వం నా రంగం కాదు. ఈ కేసులోనూ అమెరికా ఫారాలు, అక్కడి చట్టం అన్నీ అక్కడ లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ న్యాయవాదే చూశారు. అయినా దీన్ని నేను రాయడానికి కారణం ఉంది. బిడ్డకు పౌరసత్వం రావడానికి అడ్డుపడిన కాగితం అమెరికాలో లేదు. అది ఒంగోలు కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీలో ఒక పేరా. అలాంటి పేరాలున్న డిక్రీలు మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో బీరువాల్లో ఉన్నాయి.

ఆ కుటుంబం అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. సంఘటనల క్రమం మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఊరు కందుకూరు డివిజన్‌లో ఒక పల్లె. తండ్రి ఇక్కడ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ఎం.ఎస్. చేసి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డారు. 2004లో గ్రీన్‌కార్డు వచ్చింది. 2005లో ఊళ్లో పెళ్లి జరిగింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యలకు అప్పట్లో వీసా కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాల్సి వచ్చేది. ఆయన భార్య పేరిట పిటిషన్ వేసి ఎదురుచూశారు. 2006 ఆగస్టులో బాబు కందుకూరులో పుట్టాడు. 2010లో తండ్రి అమెరికా పౌరుడయ్యారు. అప్పటికే భార్యాభర్తల మధ్య మాటలు తగ్గాయి. ఆమె వీసా ఇంటర్వ్యూ దాకా రాకముందే సంసారం చెడింది. 2016లో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద, పరస్పర అంగీకారంతో ఒంగోలులో విడాకులు తీసుకున్నారు. బిడ్డ తల్లి దగ్గరే ఉంటాడని, ఆయన వచ్చినప్పుడు చూసి వెళ్లవచ్చని డిక్రీలో రాశారు. ఆ రోజుకు అది న్యాయమైన ఏర్పాటే. తండ్రి ఆ తర్వాత అక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నారు.

తల్లి పుట్టింట్లో ఉంటూ చిన్న ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను పెంచింది. తండ్రి నెలనెలా డబ్బు పంపేవారు, వారానికోసారి ఫోను చేసేవారు. బాబుకు ఇద్దరి మీదా ప్రేమ ఉంది. ఈ కేసులో పనికొచ్చిన అసలు బలం అదే.

వచ్చిన సమస్య

2022 జూన్‌లో తల్లి, ఆమె తండ్రి వచ్చారు. బాబు పదో తరగతి పాసై ఇంటర్మీడియెట్‌లో చేరుతున్నాడు. పై చదువు అమెరికాలో అని తండ్రీకొడుకులు అనుకున్నారు, తల్లి ఒప్పుకుంది. అంతవరకు గొడవ లేదు. పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “అమ్మా, తండ్రి ఆ దేశం మనిషి అయినప్పుడు పిల్లవాడు కూడా ఆ దేశం వాడే కదా. పాస్‌పోర్టు ఎందుకు ఇవ్వరు?”

ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. ఆస్తి, ఇంటిపేరు, గోత్రం అన్నీ తండ్రి నుంచి వచ్చే చోట పౌరసత్వం కూడా అలాగే వస్తుందని అనుకోవడం సహజం. కానీ అమెరికా చట్టం మొదట అడిగేది వేరు. బిడ్డ పుట్టిన రోజున తండ్రి ఏ దేశ పౌరుడు? 2006 ఆగస్టులో ఆయన చేతిలో ఉన్నది గ్రీన్‌కార్డు, భారత పాస్‌పోర్టు. కాబట్టి బాబు పుట్టుకతో అమెరికా పౌరుడు కాడు. 2010లో తండ్రి చేసిన ప్రమాణం వెనక్కి వెళ్లి 2006ను మార్చదు.

ఆ రోజున ఆయన పౌరుడై ఉన్నా సరిపోయేది కాదు. తల్లిదండ్రుల్లో ఒకరే పౌరులైతే, ఆ ఒకరు బిడ్డ పుట్టకముందు అమెరికాలో కనీసం 5 ఏళ్లు, అందులో 14 ఏళ్ల వయసు దాటాక కనీసం 2 ఏళ్లు, నిజంగా ఉండి ఉండాలి. ఈ నియమం తెలియక ఇబ్బంది పడిన కుటుంబాలు వేరే ఉన్నాయి. ఈ కేసు అక్కడిదాకా పోలేదు.

నా దగ్గరకు రాకముందు చేసినవి

నెల్లూరులో ఒక కన్సల్టెంటు సలహాతో వాళ్లు విదేశంలో పుట్టిన అమెరికా పౌరుల జననాన్ని నమోదు చేసే దరఖాస్తు పెట్టారు. దాన్ని సీఆర్‌బీఏ అంటారు. అది పుట్టుకతో పౌరులైన పిల్లలకు మాత్రమే. హైదరాబాద్ కాన్సులేట్‌లో తండ్రి పౌరసత్వ పత్రం మీద తేదీ చూడగానే కాదన్నారు. అది సరైన నిర్ణయమే. కుటుంబం మాత్రం దాన్ని “బిడ్డను తండ్రి బిడ్డ కాదన్నారు” అని అర్థం చేసుకుంది. ఆ తల్లి ఆ మాట చెబుతూ ఏడ్చింది. తిరస్కరణ ఎందుకు వచ్చిందో తెలుగులో ఒక్కరు విడమరచి చెప్పి ఉంటే ఆమెకు అంత అవమానం కలిగేది కాదు.

ఆ తర్వాత అదే కన్సల్టెంటు రెండు దారులు చెప్పాడు. మొదటిది, విజిటర్ వీసా మీద పంపి అక్కడే ఉంచేయడం. ఇది వినగానే వద్దన్నాను. స్థిరపడే ఉద్దేశంతో, చూసి వస్తామని చెప్పి వీసా తీసుకుంటే అది అబద్ధం అవుతుంది. పదహారేళ్ల పిల్లవాడి రికార్డులో ఆ అబద్ధం జీవితాంతం ఉంటుంది. రెండోది, పెద్దమనుషుల సమక్షంలో వంద రూపాయల స్టాంపు కాగితం మీద “ఇకనుంచి బిడ్డ తండ్రి సంరక్షణలో ఉంటాడు” అని రాసి నోటరీ చేయించడం. అది అప్పటికే చేసేశారు కూడా. కోర్టు డిక్రీలో కస్టడీ తల్లిదని ఉన్నప్పుడు నోటరీ ఒప్పందం దాన్ని మార్చలేదు. ఇక్కడి కోర్టే దాన్ని లెక్కలోకి తీసుకోదు, అక్కడి అధికారి ఎందుకు తీసుకుంటాడు?

దారి ఎంచుకోవడం

అమెరికా న్యాయవాదితో మాట్లాడాక మూడు మార్గాలు మా ముందుకు వచ్చాయి.

ఒకటి, ఎన్-600కె దరఖాస్తు. విదేశంలో ఉంటున్న బిడ్డ కొద్దికాలం అమెరికా వెళ్లి, 18 ఏళ్లలోపు పౌరసత్వం తీసుకుని తిరిగి వచ్చే పద్ధతి ఇది. పైకి ఇదే అందరికీ అనువుగా కనిపించింది, తల్లికి మరీ నచ్చింది. కానీ బిడ్డ అమెరికా బయట, ఆ పౌరుడైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో ఉంటూ ఉండాలి. ఇక్కడ తండ్రి అమెరికాలో, బిడ్డ కందుకూరులో. తండ్రి వచ్చి ఊళ్లో కాపురం ఉంటే తప్ప ఇది కుదరదు.

రెండు, పాత పిటిషన్‌ను బతికించడం. 2005లో భార్య పేరిట వేసిన పిటిషన్‌తో పాటే బాబుకూ వీసా వస్తుందని తండ్రి చాలాకాలం నమ్మారు. గ్రీన్‌కార్డుదారుడి భార్య వెంట బిడ్డకు అలా వస్తుంది. ఆయన పౌరుడైన క్షణం నుంచి ఆ సౌకర్యం పోతుంది. పౌరుడి భార్య, పౌరుడి బిడ్డ చెరో పిటిషన్ మీద రావాలి. పౌరసత్వం వస్తే అన్నీ సులువవుతాయని అందరూ అనుకునే చోటే ఈ చిక్కు ఉంది. పైగా విడాకులతో ఆ పిటిషన్ పూర్తిగా రద్దయింది.

మూడు, తండ్రి బిడ్డ పేరిట ఐ-130 పిటిషన్ (దగ్గరి బంధువు కోసం వేసేది) వేయడం, పౌరుల పిల్లలకు ఇచ్చే ఐఆర్-2 ఇమిగ్రెంట్ వీసా మీద బాబు వెళ్లడం. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్ ప్రకారం, బిడ్డ వయసు 18 నిండక ముందే నాలుగు విషయాలు ఒకేసారి ఉండాలి. తల్లి లేదా తండ్రి అమెరికా పౌరులై ఉండాలి. బిడ్డ గ్రీన్‌కార్డు హోదాతో దేశంలో అడుగుపెట్టాలి. అక్కడ నివసిస్తూ ఉండాలి. ఆ పౌరుడి చట్టబద్ధమైన, వాస్తవమైన సంరక్షణలో ఉండాలి. ఈ నాలుగూ కలిసిన రోజున పౌరసత్వం దానంతట అదే వస్తుంది, ప్రమాణం కూడా అక్కర్లేదు. ఒక్కటి తగ్గినా బిడ్డ గ్రీన్‌కార్డుదారుగానే మిగిలి, పెద్దయ్యాక 5 ఏళ్లు ఆగి తన దరఖాస్తు తానే పెట్టుకోవాలి.

దీన్నే ఎంచుకున్నాం. కానీ డిక్రీలో కస్టడీ తల్లిదని ఉన్నంతకాలం నాలుగో షరతు, అంటే తండ్రి చట్టబద్ధమైన సంరక్షణ, తీరదు. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. ఐఆర్-2 వీసాకు వయసు పరిమితి 21. పిటిషన్ వేసిన రోజున 21లోపు ఉంటే, తర్వాత ఆలస్యమైనా వీసాకు ఇబ్బంది లేదు. దాంతో టైముందని ధీమాగా ఉంటారు. పౌరసత్వానికి గడువు మాత్రం 18. మా లెక్క 2024 ఆగస్టు వరకే. వీసా కోసం కస్టడీ ఆర్డరు అవసరం లేదు, తండ్రీకొడుకుల సంబంధం రుజువైతే చాలు. అందుకే వీసా మాత్రమే చూసుకున్నవాళ్లకు కస్టడీ సమస్య ఉందని అక్కడికి వెళ్లి పాస్‌పోర్టు అడిగేదాకా తెలియదు. అప్పటికి 18 నిండిపోతే ఏ కోర్టు ఆర్డరూ దాన్ని వెనక్కి తేలేదు.

కాబట్టి రెండు పనులూ పక్కపక్కనే నడపాలని నిర్ణయించాం. ఎక్కువ కాలం పట్టేది ఐ-130 కనుక 2022లోనే అది వేయించాం. దాని కోసం ఎదురుచూసే కాలంలో ఇక్కడ కస్టడీ ఆర్డరు మార్పించాలి.

కాగితాలు

ఇవి విసిగించాయి తప్ప ఆపలేదు. బాబు పాత జనన ధ్రువపత్రంలో జిల్లా ప్రకాశం అని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది. కొత్తగా తీసిన కాపీలో నెల్లూరు అని వచ్చింది. పుట్టిన ఊరు ఒకటే, జిల్లాలు రెండు. పునర్విభజన ఉత్తర్వు కాపీని, ఒక అఫిడవిట్‌ను జత చేసి పంపాం, ఎవరూ ప్రశ్నించలేదు. తండ్రి పౌరసత్వ పత్రంలో ఇంటిపేరు చివర ఉంది, బాబు స్కూలు రికార్డులో పొడి అక్షరంగా ముందు ఉంది. బాబు పాస్‌పోర్టును తండ్రి పేరు అక్షరం తేడా లేకుండా ఉండేలా మళ్లీ తీయించాం. తండ్రి అమెరికా నుంచి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది భారతదేశంలో అందిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. గడువు దాటిన పవర్‌తో కోర్టుకు వెళ్లి ఇబ్బంది పడినవాళ్లను చూశాను కాబట్టి వచ్చిన వారంలోనే ఆ పని చేయించాం.

కోర్టులో

అంతకుముందు వేరే వకీలు ద్వారా ఇద్దరూ కలిసి ఒక జాయింట్ మెమో వేశారు. కస్టడీ మార్పుకు మెమో చాలదని కోర్టు తిప్పి పంపింది. మేము హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిటిషన్ వేశాం. విడాకుల తర్వాత కూడా పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించిన ఆదేశాలను మార్చే అధికారం ఆ సెక్షన్ కోర్టుకు ఇస్తుంది. వీలైనంత వరకు పిల్లల కోరికకు అనుగుణంగా ఉండాలని కూడా అందులోనే ఉంది.

ఏం అడగాలన్నది ఇక్కడ ముఖ్యం. కస్టడీ మొత్తం తండ్రికి మార్చమని అడగవచ్చు, తల్లి అందుకూ సంతకం పెట్టడానికి సిద్ధంగానే ఉంది. నేను వద్దన్నాను. ఉమ్మడి కస్టడీ ఉన్న తండ్రిని కూడా చట్టబద్ధమైన సంరక్షణ ఉన్నవాడిగానే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ పరిగణిస్తుంది. అంటే బిడ్డకు కావలసింది నెరవేరడానికి తల్లి తన హక్కును పూర్తిగా వదులుకోవాల్సిన అవసరం లేదు. పదహారేళ్లు పెంచిన మనిషి చేత, అవసరం లేని చోట, “నాకు హక్కు లేదు” అని రాయించడం నాకు ఇష్టం లేదు. ఉమ్మడి కస్టడీ ఇవ్వాలని, బాబు నివాసం తండ్రి దగ్గర ఉండాలని, ఏడాదికోసారి తండ్రి ఖర్చుతో తల్లి దగ్గరకు రావాలని, చదువు విషయంలో నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకోవాలని కోరాం.

ఇంకో కారణం కూడా ఉంది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం సభ్యురాలు కాదు. ఇక్కడి ఆర్డరును అక్కడ నేరుగా అమలు చేయించడం తేలిక కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆమె చేతిలో కనీసం స్పష్టమైన ఆర్డరైనా ఉండాలి.

మొదటి విచారణలో అనుకున్నట్టు జరగలేదు. పౌరసత్వం రావడం ఒక్కటే బిడ్డ సంక్షేమం ఎలా అవుతుందని న్యాయమూర్తి అడిగారు. అక్కడ ఇంట్లో ఎవరెవరు ఉంటారు? సవతి తల్లి ఏమంటుంది? పిల్లవాడు ఏ బడిలో చేరతాడు? ఆ ప్రశ్నలు అడగడం నాకు మంచిదే అనిపించింది. కోర్టు వీసా కోసం సంతకం పెట్టే కౌంటరు కాదు. వాయిదా తీసుకుని తండ్రి ఇల్లు, ఆదాయం, ఆరోగ్య బీమా, బడి వివరాలతో అఫిడవిట్ వేయించాం. ఆయన రెండో భార్య కూడా తన సమ్మతిని స్వయంగా రాసి పంపారు. తండ్రిని వీడియో ద్వారా విచారించారు. బాబును న్యాయమూర్తి తన ఛాంబర్‌లో ఒంటరిగా మాట్లాడించారు. లోపల ఏం చెప్పాడో మేమెవరమూ అడగలేదు. 2023లో, మేము కోరిన షరతులతోనే ఉమ్మడి కస్టడీ ఆర్డరు వచ్చింది. బాబుకు 17 కూడా నిండలేదు. తేదీ ముఖ్యం కనుకే ఈ మాట రాస్తున్నాను.

తాతగారి తోట

మధ్యలో పెద్దాయన ఒక విషయం తెచ్చారు. ఉలవపాడు వైపు కొంత మామిడి తోట ఉంది, మనవడికి ఇవ్వాలని ఆయన కోరిక. “చదువైపోయి వచ్చాక రాస్తాలేమ్మా” అన్నారు. విదేశీ పౌరుడై ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకున్నాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, దానంగా తీసుకోవడానికీ వీల్లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. భారత పౌరుడిగా ఇక్కడ నివసిస్తున్నప్పుడు సంపాదించిన ఆస్తిని తర్వాత విదేశంలో ఉన్నా ఉంచుకోవచ్చు. కాబట్టి రెండే మార్గాలు: బాబు వెళ్లకముందే గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయడం, లేదా వీలునామా రాయడం. ఆయన గిఫ్ట్ డీడ్ కోరుకున్నారు. మైనరు తరఫున తల్లి స్వీకరించింది. పౌరసత్వం కేసుల్లో భూమి సంగతి ఎవరూ అడగరు. మన ప్రాంతంలో అది తప్పనిసరిగా అడగాలి.

ప్రయాణం, ఆ తర్వాత

ఐ-130 ఆమోదం పొందాక డీఎస్-260 అనే వీసా దరఖాస్తు, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష వరుసగా జరిగాయి. పదహారు దాటిన పిల్లలకు కూడా పోలీసు క్లియరెన్సు కావాలి, చాలామంది మర్చిపోతారు. 2024 ఫిబ్రవరిలో ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయి వీసా వచ్చింది. వెంటనే వెళ్లిపోవాలని తండ్రి తొందరపడ్డారు. మార్చిలో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ఉన్నాయి. వీసా గడువు ఇంకా ఉంది, పుట్టినరోజు ఆగస్టులో. పరీక్షలు రాయించి ఏప్రిల్‌లో పంపడం మంచిదని చెప్పాను. ఇంటర్ సర్టిఫికెట్ లేకుండా పంపితే ఏ కారణంతోనైనా తిరిగి రావాల్సి వస్తే పిల్లవాడు పదో తరగతి దగ్గర నిలబడతాడు. అంతకుమించి ఆలస్యం కూడా వద్దన్నాను. పద్దెనిమిదికి ముందు కాలు పెడితే చాలదు, తండ్రితో కలిసి నివసిస్తున్నట్టు ఆధారాలు కూడా కావాలి. దానికి కొన్ని నెలలు ఉండాలి.

ఏప్రిల్‌లో వెళ్లాడు. ఐఆర్-2 మీద వెళ్లిన పిల్లలకు పౌరసత్వ పత్రం ఇంటికి రాదు, అడిగి తీసుకోవాలి. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశారు. తండ్రి పౌరసత్వ పత్రం, 2016 డిక్రీ, 2023 ఆర్డరు, బీమా కార్డు, అదే చిరునామాకు వచ్చిన ఉత్తరాలు జత చేశారు. కస్టడీ గురించి అదనంగా ఆధారం అడిగారు. 2023 ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఇంకొకటి ఇక్కడి నుంచి పంపాం. ముందే కొన్ని కాపీలు అదనంగా తీసి పెట్టుకోవడం అప్పుడు కలిసి వచ్చింది. 18 నిండిన తర్వాత పాస్‌పోర్టు చేతికి వచ్చింది. నాలుగు షరతులూ అంతకుముందే పూర్తయ్యాయి కనుక ఆ ఆలస్యంతో నష్టం లేదు. తర్వాత భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐకి దరఖాస్తు పెట్టాడు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఈ సంగతి బయలుదేరకముందే బాబుకు, తల్లికి కూర్చోబెట్టి చెప్పాను.

బాబుకు 21 నిండాక తల్లి కోసం అతడే పిటిషన్ వేయవచ్చు. కస్టడీ పిటిషన్ సమయంలో ఈ ఆశ చూపించి ఆమె సమ్మతి తీసుకోవాలని కొందరు సూచించారు. నేను చెప్పలేదు. ఆమె సంతకం పెట్టింది కొడుకు చదువు కోసం, తనకు ఏదో వస్తుందని కాదు. ఆర్డరు వచ్చాకే ఆ అవకాశం గురించి ఆమెకు తెలియజేశాను.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు చేశాను. 13బి కింద విడాకులకు వచ్చే ప్రతి జంటనూ, పిల్లలుంటే, ఇద్దరి పాస్‌పోర్టులూ గ్రీన్‌కార్డులూ తెమ్మంటున్నాను. ఒకరు విదేశీ పౌరులైనా, కాబోతున్నా, కస్టడీ పేరా రాసే ముందు పిల్లల వయసు, 18 నిండే తేదీ కాగితం మీద వేసి ఇద్దరికీ చూపిస్తున్నాను. ఇద్దరూ ఒప్పుకుంటే మొదటి డిక్రీలోనే ఉమ్మడి కస్టడీ రాయిస్తున్నాను, బిడ్డ ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంటాడన్నది విడిగా రాస్తాం. ఒప్పుకోకపోతే కస్టడీ ఒకరికే రాసి, 26వ సెక్షన్ కింద తర్వాత మార్చుకోవచ్చని, అది ఏ తేదీలోపు చేయాలో వాళ్లకు రాతపూర్వకంగా ఇస్తున్నాను.